కలకత్తా యూదుల మందిరాల్లో నాలుగు రోజులు

బుధవారం, రైల్లో

ఈ ప్రయాణం అసలు మా చేబ్రోలు దగ్గర మొదలైంది. మాది తెనాలి. రెండేళ్ల కింద ఒక ఫ్రెండ్ శుక్రవారం సాయంత్రం బండి మీద ఎక్కించుకుని చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం తీసుకెళ్ళాడు, అక్కడ తెలుగు యూదులు ఉన్నారు, బెనె ఎఫ్రయిమ్ అంటారు వాళ్ళని, ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం మాది అని చెప్పుకుంటారు. 1991లో చిన్న మందిరం పెట్టుకున్నారు. మామూలు పల్లెటూరి ఇల్లులాగే ఉంటుంది, చెప్పులు విప్పి లోపలికెళ్తే హీబ్రూ ప్రార్థన మన గుంటూరు యాసలో వినిపిస్తుంది. ఆరోజు ప్రార్థన మొదలయ్యే ముందు అక్కడున్న పెద్దాయన చుట్టూ చూసి మగవాళ్ళని లెక్కపెట్టాడు. ఏంటండీ అంటే "పదిమంది ఉండాలి బాబూ, పదిమంది లేకపోతే కొన్ని ప్రార్థనలు చెయ్యకూడదు, దాన్ని మిన్యన్ అంటాం" అన్నాడు.

ఆ పది అనే లెక్క నా బుర్రలో ఉండిపోయింది. తర్వాత ఒకసారి ఎక్కడో చదివా, కలకత్తాలో ఒకప్పుడు నాలుగైదు వేల మంది యూదులు ఉండేవాళ్ళని, చర్చిలంత పెద్ద మందిరాలు కట్టారని, ఇప్పుడు ఊరు మొత్తం మీద ఇరవై మంది చుట్టూ మిగిలారని. వాళ్ళలో ఎక్కువ మంది ముసలివాళ్ళు. మా దగ్గర ఒక్క గది, దాన్నిండా మనుషులు. అక్కడ మూడు పెద్ద మందిరాలు, పది మంది దొరకరు. ఇది చూసి రావాలని అప్పుడే అనుకున్నా.

డిసెంబర్ మొదటి వారంలో విజయవాడలో హౌరా రైలెక్కా. మా బాబాయి ఖరగ్‌పూర్‌లో ఉంటాడు, రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్నించి తరాల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్ళు. బాబాయికి బెంగాలీ బాగా వచ్చు, నాకు ముక్క రాదు, అందుకే ఫోన్ చేసి బతిమాలా. "యూదులేంట్రా, కాళీఘాట్ వెళ్దాం రా" అన్నాడు ముందు. తర్వాత సరే అన్నాడు.

గురువారం

పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో బాబాయి ఎక్కాడు, చేతిలో పిన్ని కట్టిచ్చిన పులిహోర డబ్బా. హౌరాలో దిగి పసుపు టాక్సీలో బ్రిడ్జి దాటి న్యూ మార్కెట్ దగ్గర ఒక చిన్న హోటల్లో రూము తీసుకున్నాం. ఈరోజు పెద్దగా ఏం తిరగలేదు, బాబాయికి మోకాలి నొప్పి. సాయంత్రం మాత్రం నాహుమ్స్‌కి వెళ్ళాం, ఎలాగూ పక్కనే కదా.

నాహుమ్స్ అంటే బేకరీ. బాగ్దాద్ నుంచి వచ్చిన నాహుమ్ ఇజ్రాయెల్ మొర్దెకై అనే ఆయన 1902లో మొదలుపెట్టాడు, మొదట్లో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడట. తర్వాత న్యూ మార్కెట్ లోపల షాపు పెట్టారు, అదే షాపు ఇప్పటికీ నడుస్తోంది. పాతకాలం చెక్క కౌంటర్లు, గాజు అల్మారాలు, వాటి వెనక ట్రేల్లో కేకులు. డిసెంబర్ కాబట్టి రిచ్ ఫ్రూట్ కేక్ కోసం లైను మార్కెట్ సందులోకి వచ్చేసింది. లైన్లో బెంగాలీ హిందువులు, ముస్లింలు, ఆంగ్లో ఇండియన్లు అందరూ ఉన్నారు. యూదుడి షాపులో క్రిస్మస్ కేకు కోసం ఊరంతా నిలబడటం అనేది నాకు భలే నచ్చింది. ఈ కుటుంబంలో అందరికీ తెలిసిన డేవిడ్ నాహుమ్ గారు 2013లో పోయారు, ఆయన రోజూ కౌంటర్ దగ్గర కూర్చునేవారని మా ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ బాబాయికి చెప్పింది, చిన్న పిల్లలొస్తే ఊరికే ఏదో ఒకటి చేతిలో పెట్టేవారట.

కేకుతో పాటు చీజ్ సంబూసక్ తీసుకున్నాం. చూడటానికి మన కజ్జికాయలా అర్ధచంద్రం ఆకారం, లోపల ఉప్పటి చీజ్. బాగ్దాద్ నుంచి వచ్చిన వంటకం. బాబాయి ఒకటి తిని రెండోది అడిగాడు, "కాళీఘాట్ తర్వాత చూద్దాంలే" అన్నాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి, లేకపోతే రేపటిది అర్థం కాదు. కలకత్తా యూదులు కొచ్చిన్ యూదుల్లాగా వెయ్యేళ్ళ నాటి వాళ్ళు కాదు. వీళ్ళు ఇంగ్లీషువాళ్ళ కాలంలో వచ్చిన వ్యాపారస్తులు. మొదట స్థిరపడ్డాయన షాలోమ్ కోహెన్, సిరియాలో అలెప్పో ఊరివాడు, సూరత్ మీదుగా 1798లో కలకత్తా చేరాడు. నగల వ్యాపారం, పట్టు, నీలిమందు, ఢాకా బట్ట అన్నీ చేశాడు. కొంతకాలం లక్నో నవాబు దగ్గర నగల పని కూడా చూశాడు. ఆ తర్వాత బాగ్దాద్‌లో దావూద్ పాషా అనే గవర్నర్ పెట్టిన బాధలు పడలేక అక్కణ్ణుంచి చాలా కుటుంబాలు బొంబాయికి, కలకత్తాకి వచ్చేశాయి. అందుకే వీళ్ళని బాగ్దాదీ యూదులు అంటారు, అలెప్పో నుంచి వచ్చినా, బస్రా నుంచి వచ్చినా. ఇంట్లో అరబ్బీ మాట్లాడేవాళ్ళు కానీ రాసేది హీబ్రూ అక్షరాల్లో. అలా హీబ్రూ లిపిలో అరబ్బీ వారపత్రికలు కలకత్తాలోనే అచ్చేసుకున్నారు కూడా. ఒక తరం రెండు తరాలు దాటాక ఇంగ్లీషులోకి మారిపోయారు.

శుక్రవారం

పొద్దున్నే లేచి టిరెట్టా బజార్‌లో చైనావాళ్ళ టిఫిన్ తిని నడుచుకుంటూ బయల్దేరాం. ఆ చుట్టుపక్కల ఒక మైలు లోపల ఎన్ని మతాలు ఉన్నాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, ఆర్మేనియన్ల చర్చి, పోర్చుగీసు చర్చి, నాఖుదా మసీదు, చైనా గుడి, ఎజ్రా స్ట్రీట్‌లో 1839 నాటి పార్సీల అగ్ని మందిరం, అది ఇప్పుడు పాడుబడిపోయింది, ముందంతా ఎలక్ట్రికల్ షాపులు. ఎజ్రా స్ట్రీట్ మొత్తం ఎలక్ట్రికల్ సామానే, దీపాల తోరణాలు, ట్యూబ్‌లైట్లు, వైర్ల చుట్టలు. ఆ ఎజ్రా ఎవరు అని ఇద్దరు ముగ్గురు షాపువాళ్ళని బాబాయి అడిగాడు. ఒకతను "ఇంగ్లీషు దొర" అన్నాడు, మిగతావాళ్ళు తెలీదన్నారు.

ఇంగ్లీషు దొర కాదు, యూదుడు. డేవిడ్ జోసెఫ్ ఎజ్రా. నీలిమందు, పట్టు ఎగుమతి చేశాడు, చైనా వైపు నల్లమందు కూడా పంపాడు, ఆ రోజుల్లో కలకత్తా పెద్ద వ్యాపారాల్లో చాలావరకు నల్లమందు ఉంది, అది దాచాల్సిన సంగతి కాదు. ఆ డబ్బంతా పెట్టి ఊళ్ళో స్థలాలు కొని భవనాలు కట్టించాడు. 1882లో పోయాడు. ఆయన కొడుకు ఎలియాస్ డేవిడ్ ఎజ్రా తండ్రి పేరు మీద 1884లో కట్టించిందే మేం చూడటానికి వచ్చిన మాగెన్ దావిద్ మందిరం.

బ్రాబోర్న్ రోడ్డు మీద నుంచి చూస్తే ఎర్ర ఇటుకల పెద్ద భవనం, మధ్యలో పొడుగాటి శిఖరం, దాని మీద లండన్ నుంచి తెప్పించిన గడియారం. చూసినవాళ్ళెవరైనా చర్చి అనే అనుకుంటారు. మా టాక్సీ అతను కూడా నిన్న "గిర్జా" అన్నాడు. గేటు కోసం మాత్రం చాలాసేపు వెతికాం. క్యానింగ్ స్ట్రీట్ వైపు గోడ పొడుగునా బడ్డీ కొట్లే, ప్లాస్టిక్ డబ్బాలు, బొమ్మలు, గొడుగులు, హెయిర్ క్లిప్పులు, వాటి వెనక గేటు ఉందని తెలియనే తెలియదు. చివరికి ఒక గొడుగుల కొట్టు అబ్బాయి తన సరుకు పక్కకి జరిపి దారి చూపించాడు.

గేటు తాళం. లోపలి నుంచి ఒక కుర్రాడు వచ్చి బాబాయితో బెంగాలీలో ఏదో చెప్పాడు. బాబాయి నా వైపు తిరిగి "ఒరేయ్, వాచ్‌మన్ జుమ్మా నమాజుకి వెళ్ళాడంట, అరగంట ఆగమంటున్నాడు" అన్నాడు. నాకు ఒక నిమిషం బోధపడలేదు. యూదుల మందిరం తాళం చెవి ముస్లిం చేతిలో ఉంది, ఆయన శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి తలుపు తీస్తాడు.

ఇది ఇప్పుడు కొత్తగా వచ్చిన ఏర్పాటు కాదు. కలకత్తా మందిరాలు చూసుకునేవాళ్ళు చాలామంది ఒడిశాలో పూరీ జిల్లా కాకట్‌పూర్ వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు, తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. వచ్చినాయన కూడా అంతే, తండ్రి ఇక్కడే పనిచేశాడట. తెల్ల లాల్చీ, తల మీద నమాజు టోపీ ఇంకా తీయలేదు. మా ఆధార్ కార్డులు చూసి రిజిస్టర్లో రాయించుకున్నాడు. లోపలికి వెళ్ళే ముందు తల కప్పుకోమన్నాడు. నా దగ్గర ఏం లేదు, జేబురుమాలు కట్టుకున్నా. బాబాయి మఫ్లర్ చుట్టుకున్నాడు.

లోపల అడుగుపెట్టగానే బయట క్యానింగ్ స్ట్రీట్ గోల ఆగిపోయింది. అదొక్కటి రాయటం కష్టం. నలుపు తెలుపు పాలరాతి గళ్ళ నేల, చదరంగం బల్లలాగా, మనిషి మొహం కనపడేంత నున్నగా. రెండు వైపులా సన్నటి స్తంభాలు, పైన పూల పనితనం, వాటి మీద బాల్కనీ, అది ఆడవాళ్ళు కూర్చునే చోటు. రంగు అద్దాల కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడి నేల మీద ఎరుపు నీలం మరకలు. షాండ్లియర్లు వేలాడుతున్నాయి. మధ్యలో ఎత్తుగా చదివే వేదిక, దాన్ని బీమా అంటారు, చుట్టూ కుర్చీలు, దాని ఎదురుగా చివర్న అర్ధగోళం గూడు, పైన నీలం రంగు ఆకాశం, దాన్నిండా బంగారు నక్షత్రాలు. ఆ గూటి దగ్గరే తోరా చుట్టలు, అంటే వాళ్ళ ధర్మశాస్త్రం రాసిన చుట్టలు, పెట్టే మందసం.

మందసం అన్నా కదా, ఇక్కడ ఒక మాట. తెలుగు బైబిలు చదివి పెరిగినవాళ్ళకి ఈ మందిరాల పేర్లన్నీ తెలిసినవే. సినగాగ్‌ని, అంటే యూదుల మందిరాన్ని, అందులో సమాజమందిరం అంటారు. బెత్ ఎల్ అంటే బేతేలు, దేవుడి ఇల్లు. మాగెన్ దావిద్ అంటే దావీదు కేడెము, డాలు. నెవె షాలోమ్ అంటే శాంతి నివాసం. మా పక్కింటి మరియమ్మ ఆంటీ చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పిన మాటలు కలకత్తా నడిబొడ్డున ఇంత పెద్ద భవనం రూపంలో ఎదురయ్యేసరికి నాకు నోట మాట రాలేదు, కొంచెంసేపు కూర్చుండిపోయా.

ఆ కుర్చీలు చూడాలి. వరసల్లో కేన్ అల్లిక కుర్చీలు. ఒక దాని మీద అల్లిక ఒక మూల తెగి, ఎవరో సన్న తాడుతో మళ్ళీ అల్లారు, పాత అల్లిక తేనె రంగులోకి తిరిగింది, కొత్తది ఇంకా తెల్లగా ఉంది. నేను దాన్నే చూస్తుంటే మా వాచ్‌మన్ గారు వచ్చి, అది నేనే వేశాను అన్నట్టు రెండు వేళ్ళతో అల్లి చూపించాడు. ఎవరూ కూర్చోని కుర్చీ అది. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ రోజువారీ ప్రార్థన లేదు. బాబాయి అదే అడిగాడు, ఎందుకు బాగుచేశావు అని. ఆయన చెప్పింది బాబాయి నాకు తెలుగులో చెప్పాడు: "దేవుడి ఇల్లు కదా సాబ్, విరిగిన కుర్చీ ఉంచకూడదు."

తోరా చుట్టల సంగతి అడిగా. బాగ్దాదీల దగ్గర తోరాని గుడ్డలో చుట్టరు, నిలువుగా నిలబడే చెక్క పెట్టెలో పెడతారు, వెండి తొడుగు వేస్తారు, తలుపుల్లా తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఈ మందిరంలో అలాంటివి చాలా ఉండేవి. జనం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఎక్కువ భాగం విదేశాల్లో మందిరాలకి పంపేశారు, చదివేవాళ్ళు ఉన్న చోట ఉండాలని.

ఇంకోటి, ఈ ఊళ్ళో ఇంత ఆస్తి, ఇన్ని మందిరాలు ఉన్నా వీళ్ళు ఎప్పుడూ తమకంటూ పెద్ద రబ్బీని, అంటే మతగురువుని, పెట్టుకోలేదు. ఏదైనా ధర్మసందేహం వస్తే బాగ్దాద్‌కి ఉత్తరం రాసేవాళ్ళు, అక్కణ్ణుంచి జవాబు వచ్చేది. నూరేళ్ళు కలకత్తాలో ఉన్నా మనసు ఎక్కడుందో చూడండి.

అదే ఆవరణలో పక్కనే నెవె షాలోమ్. ఇదే అన్నిటికన్నా పాతది, 1820ల్లో మొదలైంది. అసలు మాగెన్ దావిద్ కట్టింది పాత నెవె షాలోమ్ ఉన్న చోట. తర్వాత 1911 ప్రాంతంలో పక్కన మళ్ళీ నెవె షాలోమ్ కట్టుకున్నారు. చిన్నది, వెలుతురుగా ఉంది, పది నిమిషాల్లో చూసేశాం.

అక్కణ్ణుంచి పొల్లాక్ స్ట్రీట్‌లో బెత్ ఎల్. 1856లో ఇదే డేవిడ్ జోసెఫ్ ఎజ్రా, ఎజకియెల్ జూడా కలిసి కట్టించారు, నెవె షాలోమ్ చాలట్లేదని. అంటే లెక్క చూసుకోండి, 1798లో ఒక్క మనిషి, అరవై ఏళ్ళు తిరక్కముందే రెండో మందిరం అవసరమైంది. ఇది లేత రంగు భవనం, ముఖద్వారం పైన గుండ్రటి పెద్ద రంగుల అద్దం. మాగెన్ దావిద్, బెత్ ఎల్ రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, 2017లో మరమ్మతులు పూర్తిచేసి మళ్ళీ తెరిచారు. అప్పుడు దేశదేశాల నుంచి కలకత్తా యూదుల పిల్లలు, మనవలు వచ్చారట. ఆ రోజు ఎన్ని మిన్యన్‌లైనా అయ్యుంటాయి.

సాయంత్రం మళ్ళీ మాగెన్ దావిద్ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డా. బాబాయి రూముకి వెళ్ళిపోయాడు. సూర్యుడు పోతే సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలవుతుంది, కొత్తరెడ్డిపాలెంలో ఈ టైముకి దీపాలు పెట్టి ఉంటారు. ఇక్కడ గేటు మూసే ఉంది. గొడుగుల కొట్టు అబ్బాయి సరుకు సర్దుతూ నన్ను గుర్తుపట్టి నవ్వాడు. బస్సుల హారన్లు, మోత కూలీల అరుపులు. ఒక అరగంట నిలబడ్డా. ఎవరూ రాలేదు.

శనివారం

సబ్బాతు కాబట్టి మందిరాల వైపు వెళ్ళలేదు. బాబాయి కోరిక ప్రకారం పొద్దున్నే కాళీఘాట్ వెళ్ళొచ్చాం. మధ్యాహ్నం నుంచి ఎజ్రాల భవనాలు చూసుకుంటూ తిరిగాం, చౌరంఘీ మాన్షన్స్, గవర్నర్ భవనం ఎదురుగా ఎస్‌ప్లనేడ్ మాన్షన్స్, ఇవన్నీ ఆ కుటుంబం కట్టించినవే. మెడికల్ కాలేజీలో ఎజ్రా హాస్పిటల్ అని ఉంది, అది ఎలియాస్ భార్య మోజెల్ భర్త పేరు మీద కట్టించింది. అలీపూర్ జూలో ఎజ్రా హౌస్, గబ్బాయ్ హౌస్ అని జంతువుల ఇళ్ళు కూడా వీళ్ళ పేర్ల మీదే ఉన్నాయి, అక్కడికి వెళ్ళే టైం లేకపోయింది.

పార్క్ స్ట్రీట్‌లో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ దగ్గర ఆగాం. 1881లో పెట్టిన బడి, తర్వాత పార్క్ స్ట్రీట్‌కి మారింది. లోపలికి పోలేదు, ఆడపిల్లల బడి, పర్మిషన్ లేకుండా పోకూడదు కూడా. ఇప్పుడు ఇక్కడ చదివే పిల్లల్లో యూదులు లేరు, ఎక్కువ మంది ముస్లిం అమ్మాయిలు. యూనిఫాం మీద బడి గుర్తు దావీదు నక్షత్రం, యూదుల ఆరు మూలల చుక్క. మందిరంలో తాళాలు, బడిలో పిల్లలు, నాహుమ్స్‌లో పిండి కలిపే చేతులు, అన్నీ వేరేవాళ్ళవే, కానీ అన్నీ నడుస్తున్నాయి. బెంగాల్ బయట మత గొడవల వార్తలు చదివేవాళ్ళు ఒకసారి ఇది చూడాలి అని నాకు గట్టిగా అనిపించింది.

రాత్రి భోజనం చేస్తూ బాబాయి అడిగాడు, "మరి ఎందుకు పోయార్రా వీళ్ళు? ఎవరైనా తరిమారా?"

తరమలేదు. అదే ఈ కథలో నాకు ముఖ్యమైన సంగతి. యూదులన్న కోపంతో ఈ ఊరు వాళ్ళని ఏమీ చెయ్యలేదు. 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు రంగూన్ యూదులు కూడా పారిపోయి కలకత్తా వచ్చారు, అప్పుడే ఇక్కడ జనాభా బాగా పెరిగి దాదాపు ఐదు వేలు దాకా వెళ్ళింది. ఈ మాట చెప్తే బాబాయి తినడం ఆపాడు. రంగం అంటే, అదే రంగూన్, మన కోస్తావాళ్ళకి తెలియని పేరు కాదు కదా, శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ప్రతి ఊళ్ళోనూ రంగం వెళ్ళినవాళ్ళు ఉన్నారు, అదే ఏడాది అడవుల్లో పడి నడిచొచ్చినవాళ్ళు, రాలేక మధ్యలో పోయినవాళ్ళు. వైజాగ్‌లో బర్మా క్యాంపు అని పేట ఇప్పటికీ ఉంది. బాబాయి వాళ్ళ వర్క్‌షాప్‌లో ఒక ముసలాయన ఉండేవాడట, చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజం మీద అలా వచ్చినవాడు. "అంటే అదే దారిలో వీళ్ళూ వచ్చారన్నమాట" అన్నాడు.

తర్వాత 1946 ఆగస్టులో హిందూ ముస్లిం అల్లర్లు, మరుసటి ఏడాది దేశవిభజన. ఇంగ్లీషువాళ్ళతో, బర్మాతో, తూర్పు బెంగాల్‌తో ముడిపడ్డ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాయి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఒక కుటుంబం లండన్ వెళ్తే ఇంకోటి వెళ్ళింది, పిల్లకి సంబంధం దొరకాలంటే మనవాళ్ళు ఉన్న చోటికి పోవాలి, అలా ఇజ్రాయెల్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా. మన పల్లెటూళ్ళు ఎలా ఖాళీ అయ్యాయో అలాగే. పోయినవాళ్ళని తప్పుపట్టలేం, ఉండిపోయినవాళ్ళు మాత్రం ఒంటరివాళ్ళయ్యారు.

ఉండిపోయినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు కలిపి ఈ చిన్న గుంపు దేశానికి ఇచ్చింది తక్కువేం కాదు. 1947లో మొదటి మిస్ ఇండియా అయిన ప్రమీల అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహామ్, కలకత్తా బాగ్దాదీ అమ్మాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మన సైన్యం తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేకబ్, జేఎఫ్ఆర్ జేకబ్, ఆయనా ఈ ఊరి యూదుడే. డిసెంబర్ 16న ఢాకాకి వెళ్ళి పాకిస్తాన్ జనరల్ నియాజీని లొంగుబాటుకి ఒప్పించింది ఆయనే. ఈ మాట చెప్తే బాబాయి "జేకబ్ అంటే కేరళ క్రిస్టియన్ అనుకున్నాన్రా ఇన్నాళ్ళూ" అన్నాడు. ఆ యుద్ధంలో ఖరగ్‌పూర్ నుంచి సామాను రైళ్ళు వెళ్ళడం బాబాయికి బాగా గుర్తు, అప్పటికి చిన్నవాడే. ఆ రాత్రి చాలాసేపు దాని గురించే మాట్లాడాడు.

ఆదివారం

నార్కెల్‌డాంగాలో యూదుల శ్మశానం. ఊరికి తూర్పున, ఇరుకు రోడ్డు, ఒకపక్క వర్క్‌షాపులు, పాత ఇనుము కొట్లు. గేటు దాటితే లోపల ఎకరాల కొద్దీ తెల్లటి సమాధులు, చాలావరకు నేలకి ఆనుకుని పైన గుండ్రంగా, గచ్చు చేసినవి, వరసలు వరసలు. మధ్యలో కొబ్బరి చెట్లు, మామిడి చెట్లు. ఇక్కడి అతి పాత సమాధుల్లో ఒకటి 1812 నాటిది.

ఈ స్థలం గురించి ఒక కథ చెప్పుకుంటారు. మొదట వచ్చిన షాలోమ్ కోహెన్ ఒక బెంగాలీ స్నేహితుణ్ణి అడిగాడట, మా వాళ్ళు పోతే పాతిపెట్టుకోవడానికి కొంచెం నేల అమ్ము అని. ఆయన తన స్థలం చూపించి తీసుకో, డబ్బులొద్దు అన్నాడు. ఊరికే తీసుకోవడం కుదరదని కోహెన్ తన వేలికున్న బంగారు ఉంగరం తీసి ఇచ్చాడట. ఆ కోహెన్ 1836లో పోయాడు.

ఇక్కడ చూసుకునేవాళ్ళు కూడా ముస్లింలే. ఒకావిడ సమాధుల మధ్య గడ్డి పీకుతోంది, ఆవిడ పక్కన చిన్నపిల్ల పలక పట్టుకుని ఏదో రాసుకుంటోంది. పాత రాళ్ళ మీద మొత్తం హీబ్రూ. కొంచెం ముందుకొస్తే పైన హీబ్రూ, కింద ఇంగ్లీషు. ఇంకా ముందుకొస్తే ఇంగ్లీషే ఎక్కువ. పిల్లల సమాధులు చాలా ఉన్నాయి, మూర, మూరన్నర పొడవు. అవి ఉన్న వరస దగ్గర బాబాయి ఆగిపోయాడు. మా పిన్నికి మొదటి బిడ్డ పోయాడు, నెలల పిల్లాడు, ఆ విషయం మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. బాబాయి కిందకి వంగి ఒక చిన్న రాయి తీసి, ఒక సమాధి మీద అప్పటికే ఉన్న రెండు రాళ్ళ పక్కన పెట్టాడు. యూదులు పూలు పెట్టరు, రాయి పెడతారు, వచ్చి చూసి వెళ్ళాం అని గుర్తు. ఈ సంగతి నేను బాబాయికి చెప్పలేదు. అక్కడున్నవి చూసి ఆయనే పెట్టాడు.

కొత్త సమాధులు చివర్న ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ నేల చాలా ఉంది. ఐదు వేల మందికి సరిపోయేలా ఉంచుకున్న నేల.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర కుళాయి చూపించి ఆ గడ్డి పీకే ఆవిడే చేతులు కడుక్కోమంది. యూదులు వచ్చినా ఇలాగే కడుక్కుని బయటికి వెళ్తారంట, మీరూ కడుక్కోండి అంది. బాబాయి ప్యాంటు పైకి మడిచి కాళ్ళు కూడా కడుక్కున్నాడు, "మనకీ ఇదేగా" అని.

సాయంత్రం హౌరాలో రైలెక్కాం. ఖరగ్‌పూర్ వచ్చేదాకా బాబాయి పెద్దగా మాట్లాడలేదు, నాహుమ్స్ కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పిన్నికి తీసుకెళ్ళాలని నిన్న మళ్ళీ వెళ్ళి లైన్లో నిలబడి కొన్నది. రైలు స్లో అయ్యాక లేచి సంచి భుజానికి తగిలించుకుని, "సంక్రాంతికి తెనాలి వస్తాం కదా, ఆ చేబ్రోలు దగ్గర మందిరం అన్నావే, అక్కడికి నన్నూ తీసుకెళ్ళు. శుక్రవారం చూసి తీసుకెళ్ళు" అని దిగిపోయాడు.